వర్లీన్ అత్త చదవనన్న రోజు

మా వర్లీన్ అత్త ఇస్త్రీ చేసి బతికింది. అలబామాలోని మా కౌంటీలో తెల్లవాళ్ల చొక్కాల్లో సగం ఆమె చేతి మీదుగా పోయినవే. నల్లమనిషి కాబట్టి ఓటర్ల జాబితాలో మాత్రం ఆమె పేరు లేదు. దాన్ని ఎక్కించాలన్నదే ఆమె పంతం.

వాషింగ్టన్‌లో ఏ అధ్యక్షుడు మాట ఇచ్చినా, అది మా ఊరిదాకా వచ్చిందో లేదో చూడడానికి అత్త ఓటరుగా పేరు రాయించుకోవడానికి కోర్టు భవనానికి బయలుదేరేది. సైన్యంలో తెలుపూ నలుపూ తేడా వద్దని ఒకాయన ఉత్తర్వు ఇస్తే వెళ్లింది. నల్లపిల్లలను బడిలోకి పంపడానికి ఇంకొకాయన సైనికులను దించితే వెళ్లింది. మరొకాయన నల్లవాళ్ల హక్కుల గురించి టీవీలో మాట్లాడితే మళ్లీ వెళ్లింది. ప్రతిసారీ ఓటర్ల నమోదు అధికారి హాస్కెల్ దొర రాష్ట్ర రాజ్యాంగం ముందు పెట్టి, ఒక పేరా చదివి అర్థం చెప్పమనేవాడు. అత్త గడగడా చదివి చెప్పేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఓటు కోసం తిరుగుతోందని మూడోసారికి లాండ్రీలో పని ఊడింది. అయినా వెళ్లడం మానలేదు. ఆ పేరాలన్నీ ఇంట్లో ఇస్త్రీ చేస్తూ అత్త అప్పజెబుతుంటే నాకు ఒళ్లు మండేది.

పంతొమ్మిది వందల అరవై అయిదు ఆగస్టులో, చదివించే పరీక్షలు ఇక చెల్లవన్న చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. కేంద్రం మనుషులు వస్తారట, వాళ్ల దగ్గర పేర్లు రాయించుకోమని మా చర్చి పాస్టర్‌గారు చెప్పారు. ఇన్నాళ్లూ కాదన్నవాడి చేతే రాయించుకుంటానంది అత్త. హాస్కెల్ దొర కార్యాలయం నెలకు రెండు సోమవారాలే తెరిచేవారు. తెరిచిన రోజున చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని నడిచింది. వెనక నేను, చర్చివాళ్లు ముప్పై మంది.

హాస్కెల్ దొర చట్టం గురించి విననట్టే పుస్తకం ముందుకు తోశాడు. అత్త దాన్ని వెనక్కి తోసింది.

“చదవను.”

ఆయన నవ్వాడు. గొంతు తగ్గించాడు. “నీకు నోటికొచ్చిందే కదా వర్లీన్. ఒక్క పేరా చదువు. ఈసారి రాసేస్తాలే.”

ఇన్నేళ్ల పంతం ఒక్క పేరా దూరంలో ఉంది. చదివెయ్ అత్తా అని నేను చెయ్యి పట్టుకుని లాగాను. ఆమె విదిలించుకుంది.

“నేను చదివితే వెనకున్న వాళ్లందరి చేతా చదివిస్తారు. అందులో సగం మందికి అక్షరం రాదు. చట్టం వాళ్లకీ వచ్చింది.”

ఆయన మొహం ఎర్రబడింది. అత్త వెనకున్న ముప్పై మందినీ ఒకసారి చూశాడు. చివరికి పుస్తకం మూసి, కాగితం తీసి, అత్త పేరు రాయబోయాడు.

“నాది కాదు,” అంది అత్త. బడి గడప తొక్కని ముసలి ఈజెల్‌ను భుజం పట్టి ముందుకు తెచ్చింది. “ముందు ఈయనది.”

ఆ రోజు మా కౌంటీలో రాసిన పేర్లలో ఆమెది ఆఖరిది.