మేనకోడలి పెట్టె మీద నల్లగీత

మేనకోడలి పెళ్ళికి సారెలో పెట్టే పెట్టె నా చేత్తోనే చేస్తానని ఇంటిల్లిపాదికీ చాటుకున్నాను. నేను బడిపంతుల్ని, వడ్రంగం ఫోన్లో వీడియోలు చూసి నేర్చినవాణ్ణి. పెళ్ళికూతురి తండ్రి, మా బావ, చిన్నప్పటి నుంచీ ఉలి పట్టినవాడు.

మూతకు పసుపురంగు పనస, చుట్టూ అంచుకు నల్లటి జిట్రేగి కలప. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకే ముచ్చటేసింది. పనస బావ దొడ్లోదే, ఆ శీతాకాలం కొట్టిన చెట్టు.

బావ ఆ చెక్కను చెంపకు ఆనించి చూశాడు. "ఒరే, ఇందులో తడి ఇంకా ఉన్నాది. నా కాడ మూడేళ్ళ నాటి పనస ఉన్నాది, అది పట్టుకెళ్ళు" అన్నాడు.

పాత పనస రంగు ముదిరిపోయింది. జిట్రేగి పక్కన అది తేలదని నా బాధ.

"గుమ్మాలు సేసే సేతికి నాజూకు పనేటి తెలుస్తాది బావా" అన్నాను, ఆయన పనివాళ్ళ ఎదుటే. ఆయన నవ్వేసి రంపం అందుకున్నాడు. నేను ఆ పచ్చిచెక్కే పట్టుకొచ్చాను.

పెళ్ళిలో అందరూ పెట్టె చుట్టూ చేరారు. నేను ఉబ్బిపోయాను. మేనకోడలు దాన్ని నెల్లిమర్లలోని అత్తవారి రేకుల ఇంటికి తీసుకెళ్ళింది. మరుసటి ఎండాకాలానికి మూత నిలువునా చీలింది.

పెట్టె పట్టుకుని పుట్టింటికి వచ్చి, "ఏటి మావా, ఇలాగయిపోనాది?" అని అడిగింది.

తడుముకోకుండా బొంకాను. "మీ నాన్న పచ్చిసెక్క ఇచ్చాడే. నాకేటి తెలుసు?"

బావ అక్కడే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా మొహం వైపు కూడా చూడలేదు. "అవునమ్మా, నాదే పొరపాటు. ఇలా తే" అన్నాడు. వారం తిరక్కుండా ఆ చీలికను తిన్నగా కోసి, సన్నటి జిట్రేగి బద్ద కూర్చి ఇచ్చాడు. ఇప్పుడు పెట్టె చూసినవాళ్ళు ముందు మెచ్చుకునేది ఆ నల్లగీతనే.

తీరిగ్గా ఒకరోజు ఆయన ముందు ఒప్పుకుందాం అనుకున్నాను. మొదట సిగ్గు అడ్డొచ్చింది, తర్వాత మరుపు. నిరుడు బావ పోయాడు.

మొన్న సంవత్సరీకానికి వెళ్తే, మేనకోడలు ఆ పెట్టెలోంచే తండ్రి ఫోటో తీసింది. మూత నిమురుతూ బంధువులతో, "నాన్న పచ్చిసెక్క ఇచ్చీసినా, మా మావ ఎంత బాగా సేసాడో సూడండి" అంది.

అందరూ నావైపు చూశారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నేను అవునన్నట్టు తలూపాను.