పక్కకు వాల్చిన పీట

అబెనా వాళ్ళమ్మని రాణీమాతగా పీట మీద కూర్చోబెడుతున్నారంటే నాకు సగమే అర్థమైంది. అబెనా మోరిస్‌విల్‌లో మా ఆఫీస్‌లోనే పనిచేస్తుంది. వాళ్ళది ఘనా దేశం, అసాంటే జాతి. "వర్జీనియాలో మా వాళ్ళ సంఘం ఉంది సుజాతా. అంతా పాత పద్ధతిలోనే చేస్తాం. నువ్వు రావాలి" అంది. సరేనని టికెట్ బుక్ చేసుకున్నాను.

శుక్రవారం పొద్దున పదిన్నరకి కేరీలో రైలెక్కాను. వర్జీనియాలోని అలెగ్జాండ్రియా చేరడానికి ఐదారు గంటలు పడుతుంది. వారాంతపు ట్రాఫిక్‌లో డ్రైవ్ చేయడం కంటే ఇదే నయం. పక్క సీట్లో గుంటూరాయన, రిటైరైన డాక్టరుగారు. హెర్న్‌డన్‌లో కూతురింటికి వెళ్తున్నారు. నా పులిహోర ఆయన తిన్నారు, ఆయన చేగోడీలు నేను తిన్నాను. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"రాణీమాతా? వాళ్ళవి తెగలు కదమ్మా. ఎవరో తెగనాయకుడి భార్య అయ్యుంటుంది" అన్నారు.

"అలాంటిదే అంకుల్" అన్నాను. నాకూ అంతకంటే తెలీదు.

సాయంత్రం స్టేషన్‌కి అబెనా వచ్చింది. కార్‌లో అదే మాట అడిగాను. నవ్వింది.

"భార్య కాదు. రాజుగా ఎవరుండాలో పేరు చెప్పేది రాణీమాత. దానికి పెద్దలు ఒప్పుకోవాలి. అలా కూర్చోబెట్టిన వాళ్ళే, రాజు తప్పు చేస్తే పీట మీంచి దించేస్తారు. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ ఇంతే."

పీటంటే వాళ్ళకి మన సింహాసనం లాంటిది. జాతి మొత్తం ప్రాణం ఉండే బంగారు పీట ఒకటుందట. దానిమీద రాజు కూడా కూర్చోడు. ఒక ఇంగ్లీషు గవర్నర్ మాత్రం అది తెప్పించండి, కూర్చుంటానన్నాడట. ఆ మాటకే ఒక రాణీమాత ముందుండి యుద్ధం నడిపిందట. ఆసక్తిగానే విన్నాను. విని, రాత్రి హాయిగా నిద్రపోయాను.

శనివారం పదకొండుకి హాల్‌కి చేరాం. రంగురంగుల బట్టలు, డప్పులు, మన పెళ్ళిళ్ళలో ఉండేంత సందడి. జనంలో నా చెప్పు పట్టీ ఊడింది. సరిచేసుకుందామని పక్క గదిలోకి వెళ్తే, గోడవారగా చెక్కపీట ఒకటి పక్కకు పడి ఉంది. ఎవరో తన్నేసి పోయారనుకుని నిలబెట్టాను. దానిమీదే కూర్చుని పట్టీ పెట్టుకున్నాను. తలెత్తేసరికి గుమ్మంలో అబెనా వాళ్ళ అక్క కూతురు అకోసువా ఉంది. కాలేజీలో చదివే పిల్ల. నన్ను చూసి నిలబడిపోయింది. నేను నవ్వి బయటికొచ్చేశాను. ఆ వెంటనే పెద్దవాళ్ళిద్దరు పీట తేవడానికి లోపలికి వెళ్ళారు.

కాసేపటికి డప్పులు ఆగిపోయాయి.

"అమ్మ పీటని ఎవరో నిలబెట్టారట" అని అబెనా నా చెవిలో చెప్పింది. "వేరే ఆత్మ ఎక్కి కూర్చోకూడదని దాన్ని పక్కకు వాల్చి ఉంచుతాం. చూసుకోమని అకోసువాకి అప్పజెప్పాం. ఏం చేసిందో ఏమో."

నేను చెప్పులు కుర్చీ కిందికి లాక్కున్నాను.

గొడుగు కింద వాళ్ళ సంఘం రాజుగారు కూర్చున్నారు. ఆయన నేరుగా ఎవరితోనూ మాట్లాడరు. బంగారు పిడి కర్ర పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఎవరి మాటైనా ఆయన నోటి మీదుగానే అటూ ఇటూ వెళ్ళాలి. అకోసువాని మధ్యలో నిలబెట్టి, పీట ఎవరు ముట్టుకున్నారని ఆయన అడిగాడు.

"కాపలా నాది. తప్పు నాది" అంది ఆ పిల్ల. నాకోసం అబెనా ఇంగ్లీషులో చెబుతోంది.

మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. నేను కుర్చీలోంచి కదల్లేదు. బయటిదాన్ని, ఇప్పుడు లేస్తే వాళ్ళ ఫంక్షన్ పాడవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి, అంతమందిలో పరువు పోతుందని భయం. ఇంకోసారి అడిగేసరికి అకోసువా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటికీ నా వైపు చూడలేదు. అప్పుడు లేచాను.

"నేనే... పడిపోయిందనుకుని..." ఇంత వయసొచ్చి, పాతికేళ్ళుగా ఇంగ్లీషులో పనిచేస్తూ, ఒక వాక్యం పూర్తిచేయలేకపోయాను.

కర్ర పట్టుకున్నాయన నా ముక్కలన్నీ విని, వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడాడు. బిగుసుకున్న ముఖాలు మెత్తబడ్డాయి. పెద్దలు ఒక్కొక్కరే మాట్లాడారు. ఒకరి మాటకి ఇంకొకరు అడ్డురాలేదు. పీట కడిగి, నేలమీద మద్యం ధారపోసి పితృదేవతలకి చెప్పుకుని, అబెనా వాళ్ళమ్మని కూర్చోబెట్టారు. భోజనాల దగ్గర ముసలమ్మలు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఎర్రటి మసాలా అన్నం, వేయించిన అరటిపండు వడ్డించారు.

"ఆయన నా గురించి ఏం చెప్పాడు?" అని అబెనాని అడిగాను.

"మనింట్లో ఏదో పడిపోయి ఉంటే, దూరదేశపు ఆడపడుచు చూస్తూ పోలేకపోయింది అన్నాడు. ఎదుటివాళ్ళ మాటని బాగుచేసి చెప్పడమే ఆయన పని" అంది. ఆ రోజు నాతో అంతకుమించి మాట్లాడలేదు.

ఆదివారం నన్ను స్టేషన్‌కి అకోసువా కార్‌లో తీసుకెళ్ళింది.

"నా పేరెందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"మీరు పిన్ని గెస్ట్, ఆంటీ. నేను చెప్తే పట్టిచ్చినట్టుంటుంది. మీరే చెప్తారనుకున్నాను." సిగ్నల్ దగ్గర కారు ఆపి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది, "మొదటిసారే చెప్తారనుకున్నాను."

సారీ చెప్పాను. తలూపింది.

పదకొండు గంటల రైలు రిచ్‌మండ్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. రాజునైనా దించగల పెద్దల్ని, ఒక పీట కోసం పండగంతా ఆపి అందరి మాటా విన్న సభని చూసి వస్తున్నాను. ఆ సభలో మర్యాద తప్పింది నేనొక్కదాన్నే. మిమ్మల్ని ఎవరైనా ఇలా పిలిస్తే తప్పకుండా వెళ్ళండి. పక్కకు వాల్చిన పీటని ముట్టుకోకండి. ముట్టుకుంటే మాత్రం, అడగ్గానే చెప్పండి.

సాయంత్రం కేరీలో మా ఆయన కార్‌తో వచ్చారు. ఫంక్షన్ ఫోటోలు చూపించమన్నారు. అబెనా పంపినవి చాలానే ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ నేను తలెత్తి లేను.