మిష్రిఫ్ గ్యారేజీకి హీటరు ఎంచిన విధం

కరోనా సద్దుమణిగిన రెండో ఏడాది జనవరిలో, కువైట్‌లో నా ఉద్యోగం ఇరవై ఏడో ఏట నడుస్తుండగా, మిష్రిఫ్‌లోని ఒక విల్లాకు నన్ను సైట్ సర్వేకు పంపారు. అప్పటికి నా హోదా సూపర్‌వైజర్. మా కంపెనీలో మెట్లు ఇలా ఉండేవి. నిచ్చెన మోసేవాడు హెల్పర్. నిచ్చెన ఎక్కేవాడు టెక్నీషియన్. కింద నిలబడి అరిచేవాడు ఫోర్‌మన్. నిచ్చెన ఎక్కడుందో తెలియకపోయినా కాగితం మీద సంతకం పెట్టేవాడు సూపర్‌వైజర్. ఇంజినీరుగారు నిచ్చెనను ఫొటోలో చూసి ఆమోదిస్తారు.

మాది ఏసీల కంపెనీ. ఏడాదిలో పది నెలలు కువైట్ వాళ్ల ఇళ్లను చల్లబరచడమే మా పని. అలాంటి మాకు వచ్చిన వర్క్ ఆర్డరులో "గ్యారేజీ వర్క్‌షాపుకు హీటరు ఎంపిక చేసి బిగించాలి" అని ఉంది. ఆఫీసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చల్లబరచడం తెలిసినవాడికి వేడి చేయడం ఎంత పని అనుకున్నాను. ముందే చెప్పేస్తున్నాను, ఆ పనిలో ఓబులేసు అనే మనిషి ప్రాణం పోవలసింది. అందులో నా వాటా ఎంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విల్లా యజమాని బూ నాసర్, మంత్రిత్వ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పాతకాలపు చెక్క పడవల నమూనాలు చేయడం ఆయనకు పిచ్చి. గ్యారేజీలోంచి కార్లను వీధిలోకి తరిమేసి, లోపల రంపం మిషను, చిత్రిక మిషను, వార్నిషు డబ్బాలు పెట్టుకున్నాడు. ఎండాకాలం అక్కడ మనిషి ఉడికిపోతాడు కాబట్టి పనంతా చలికాలంలోనే. తీరా చలికాలం వస్తే జిగురు గట్టిపడదు, ఆయన వేళ్లు వంగవు. ఎడారి చలిని తక్కువ అంచనా వేయకండి. ఆ ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి, కింద పాలరాయి, పైన కాంక్రీటు. జనవరిలో లోపలకంటే బయటే నయం.

ఆయనకు చేదోడు ఆ ఇంటి డ్రైవరు ఓబులేసు, రాయచోటి దగ్గరివాడు. నాది రాజంపేట కాబట్టి నన్ను చూడగానే "అన్నా" అని వరస కలిపాడు. డ్రైవింగు వీసా మీద వచ్చిన మనిషి సాయంత్రం నాలుగింటి నుంచి ఏడింటి దాకా నేలమీద కూర్చుని ఉప్పు కాగితంతో పడవలు రుద్దుతుండేవాడు. ఇఖామాలో, అంటే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్ కార్డులో, అతని వృత్తి దగ్గర డ్రైవరు అనే ఉంది. రుద్దే పనికి అక్కడ చోటు లేదు.

ఇక హీటరు సంగతి. బజారులో దొరికేవి నాలుగు రకాలు. ఫ్యాను హీటరు గదిని త్వరగా వేడి చేస్తుంది, కానీ రంపపు పొట్టును లేపి తడి వార్నిషు మీద చల్లుతుంది. ఎర్రగా వెలిగే కడ్డీల హీటరు ఎదురుగా కూర్చున్నవాడికి హాయిగా ఉంటుంది, పొట్టు వెళ్లి దాని మీద పడితే ఫైరింజనువాళ్లకే పని. గ్యాసు సిలిండరు హీటరులో మంట ఉంటుంది, గదిలోని గాలిని తింటుంది. వార్నిషు ఉన్నచోట దాని పేరెత్తితేనే నాకు కోపం. మిగిలింది నూనె హీటరు. ఇనప రేకుల లోపల నూనె కరెంటుతో కాగుతుంది, మంట లేదు, వెలుగు లేదు, చప్పుడు లేదు. ఒకే లోపం, అది వేడెక్కేలోపు మనం ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు.

ఎంపిక వరకు నేను తప్పు చేయలేదు, నూనె హీటరే రాశాను. తప్పు లెక్కలో జరిగింది. గ్యారేజీ ఆరు మీటర్ల పొడవు, అయిదున్నర వెడల్పు, మూడు ఎత్తు. తొంభై తొమ్మిది ఘనమీటర్లు. అలాంటి కట్టడంలో ఘనమీటరుకు యాభై వాట్లు అనేది మా మోటు లెక్క. అంటే సుమారు అయిదు వేల వాట్లు, రెండున్నర వేలవి రెండు హీటర్లు. రెండింటికీ వేరువేరు లైన్లు లాగాలి. కరెంటు పెట్టె తెరిచి చూస్తే బ్రేకరుకు ఒక్క చోటే ఖాళీగా ఉంది. పెట్టె మార్చాలంటే ఇంజినీరుగారి అనుమతి కావాలి, కొత్త డ్రాయింగు కావాలి, మూడు వారాలు పడుతుంది. బూ నాసర్ రోజుకు రెండుసార్లు ఫోను చేసి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

అప్పుడు నాలోని ఏసీ మనిషి నిద్ర లేచాడు. ఏసీ పనిలో మొదటి పాఠం సందులు మూయడం. గదిలో చల్లగాలి నిలవకపోతే మిషను పెద్దది చేయం, తలుపు కింది సందు మూస్తాం. ఇరవై ఏడేళ్లు అదే చేశాను. ఏ గదిలోకి వెళ్లినా, ఇంటావిడ అమాయకంగా టీ ఇస్తుంటే నా కళ్లు మాత్రం కిటికీ అంచులమీదే ఉండేవి. ఇక్కడ షట్టరు కింద రెండు వేళ్ల సందు ఉంది. వెనక గోడలో పాత ఎగ్జాస్టు ఫ్యాను పెట్టిన కన్నం ఉంది. ఇంట్లోకి వెళ్లే పక్క తలుపు సరిగా మూసుకోదు. ఈ మూడూ మూసేస్తే ఒక్క హీటరుతో సరిపోతుందని కాగితం మీద తేల్చాను. చాలా తెలివైన లెక్క అనుకుని రిగ్గైలోని నా గదికి వెళ్లి హాయిగా పడుకున్నాను.

మర్నాడు షట్టరుకు, తలుపుకు రబ్బరు పట్టీలు, గోడ కన్నానికి ఫోము తీసుకుని టెక్నీషియన్లతో వెళ్లాను. కన్నం దగ్గరికి రాగానే ఓబులేసు ఉప్పు కాగితం పక్కన పెట్టి లేచాడు.

"అన్నా, ఆ బొక్క మూయొద్దు."

"ఎందుకబ్బీ? చలంతా ఆడ్నించే గదా వచ్చేది."

"చలి వస్తే రానీన్నా. బాబా చలికి తాళలేక దువ్వ తెచ్చి పెడ్తాడు. పోయినేడు గూడా పెట్టినాడు. మూస్తే పొగ యాటికి పోతాది?"

బాబా అంటే యజమాని, దువ్వ అంటే బొగ్గుల కుంపటి. చలికాలంలో కువైట్ వాళ్లు దాని చుట్టూ కూర్చుని టీ కాచుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. హీటర్లు ఎన్ని ఉన్నా దువ్వ లేనిదే వాళ్లకు చలికాలం వచ్చినట్టే ఉండదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. అయినా నేను ఏమన్నానంటే, "నేను పెట్టే మిషన్ ఉండంగా ఇంగ కుంపటెందుకు? నువ్వు బండి నడుపుకో, లెక్కలు నేను చూసుకుంటా." టెక్నీషియన్లు నవ్వారు. ఓబులేసు మళ్లీ నేలమీద కూర్చున్నాడు. సర్వే ఫారంలో "కస్టమరు అభిప్రాయం" అని ఒక గడి ఉంటుంది. అందులో "తృప్తికరం" అని రాసి బూ నాసర్ సంతకం తీసుకున్నాను. డ్రైవరు అభిప్రాయానికి గడి లేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. నేను మాత్రం ఊహించలేదు, ఎందుకంటే నేను నిపుణుణ్ణి. ఒక్క హీటరు ఆ గ్యారేజీని వేడి చేయడానికి రెండు గంటలకు పైగా తీసుకుంది. బూ నాసర్ నాలుగు రోజులు ఓపిక పట్టాడు. అయిదో రోజు సాయంత్రం దువ్వలో బొగ్గులు బాగా ఎర్రబడ్డాక, పొగ పోయింది కదా అని లోపలికి తెప్పించి, షట్టరు దింపించాడు. కాసేపటికి మగ్రిబ్ నమాజుకు మసీదుకు వెళ్లాడు. ఓబులేసు కుంపటి పక్కన కూర్చుని పడవ రుద్దుతున్నాడు.

పొగ పోయిన బొగ్గు మంచిది కాదు. పొగైతే దగ్గిస్తుంది, కళ్లు మండిస్తుంది, మనిషిని బయటికి తరుముతుంది. పొగ లేని బొగ్గు మూసిన గదిలో వదిలే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. మనిషికి తల బరువెక్కి నిద్ర వచ్చినట్టు ఉంటుంది. ఓబులేసు అలసట అనుకుని గోడకు చేరగిలబడ్డాడు.

అతణ్ణి బతికించింది ఆ ఇంట్లో వంట చేసే మరియమ్మ. అమలాపురం వైపు మనిషి, టీ ఇద్దామని వచ్చింది. ఆ తర్వాత ఆమె నాకు చెప్పిన మాటలు ఇవి: "తలుపు తోస్తే రాలేదండీ. మీరంటించిన రబ్బరు పట్టేసిందండీ. భుజం పెట్టి గెంటితే వచ్చింది. చూద్దును కదా, నోరు తెరుచుకుని పడున్నాడు. అయ్యబాబోయ్ అని ట్రే అక్కడే పారేసి, షట్టరు బటన్ నొక్కేసి, కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చేశానండీ. కప్పులు పగిలిన చప్పుడికి మా యజమానురాలు మామా పైనుంచి తిట్టుకుంటా వచ్చింది. పడున్న ఓబులేసుని చూశాకేలెండి నోరు మూసింది."

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో ఒక రోజంతా ఆక్సిజన్ పెట్టారు. నాకు ఫోను వచ్చినప్పుడు బ్నీద్ అల్ గార్‌లో ఇంకో సైట్లో ఉన్నాను. నిజం చెప్పాలంటే భయం ఓబులేసు కోసం ఎంత ఉందో నా ఇఖామా కోసం కూడా అంతే ఉంది. ఆ రెండో భయానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

ఆఫీసులో ఇంజినీరుగారు రిపోర్టు తయారు చేశారు. హీటరు సక్రమంగా ఉంది, కస్టమరు సొంతంగా కుంపటి వాడాడు, కంపెనీకి బాధ్యత లేదు. ప్రతి ముక్కా నిజమే. రబ్బరు పట్టీల మాట మాత్రం అందులో లేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. సూపర్‌వైజరు పని అదేనని మొదట్లోనే చెప్పాను కదా.

శుక్రవారం నాకు సెలవు. గోడకు కన్నం కోసే మిషను భుజాన వేసుకుని మిష్రిఫ్ వెళ్లాను. బూ నాసర్ తలుపు తీసి, తప్పు తన బొగ్గులదేనని నేను అడగకుండానే ఒప్పుకున్నాడు. నా రబ్బరుది కూడా అని చెప్పాను. ఓబులేసు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. ముఖం పీక్కుపోయింది. తిడతాడేమో అనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. "నువ్వు చెప్తే వినకపోతిని అబ్బీ, తప్పు నాదే" అన్నాను. అతను షట్టరు దగ్గరికి వెళ్లాడు. రబ్బరు పట్టీలు, పాత కన్నంలోని ఫోము తనే పీకి చెత్తబుట్టలో వేశాడు.

పద్ధతి ప్రకారం గాలి కన్నాలు రెండు ఉండాలి, ఒకటి కప్పు దగ్గర, ఒకటి నేల దగ్గర. రెండూ గుర్తు పెట్టాను. ఓబులేసు చూసి, తను పని చేసేచోట గోడకు ఆనుకుని కూర్చుని, నా పెన్సిల్ అడిగి తీసుకుని, ముక్కుకు సరిగ్గా ఎదురుగా గీత గీశాడు.

"ఈడ ఒకటి కోయన్నా."

ఆ వాయువు గదంతా కలిసిపోతుందని, ముక్కు ఎదుట కన్నం ఉంటే ప్రత్యేకంగా వచ్చే లాభం లేదని నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. మింగేశాను. "చలి పెడతాది చూడు" అని మాత్రం అన్నాను.

"పెట్టనీన్నా. చలైతే ఇంగో చొక్కా ఏసుకుంటా."

మూడు కన్నాలూ కోశాను. మూడు వారాల తర్వాత పెద్ద కరెంటు పెట్టె, రెండో హీటరు వచ్చాయి. దువ్వ పెరట్లోకి పోయింది. ఓబులేసు ఇంకో రెండేళ్లు అక్కడే పడవలు రుద్దాడు.

ఆ తర్వాత నా సర్వీసులో ప్రతి సర్వేకూ వెళ్లినప్పుడు టేపు తీయకముందే ఆ గదిలో ఎక్కువసేపు ఉండే మనిషిని పిలిచి, ఇక్కడ ఏం వెలిగిస్తారు, గాలి ఎటునుంచి వస్తుంది అని అడిగాను. ఆ మనిషి చాలాసార్లు పనిమనిషో డ్రైవరో అయ్యేవాడు. వాళ్లు చెప్పింది "కస్టమరు అభిప్రాయం" గడిలో రాసి, కింద వాళ్ల పేరు పెట్టాను. ఇంజినీరుగారు రెండుసార్లు కొట్టేశారు. మూడోసారి నుంచి చదవడం మొదలుపెట్టారు.