నూకాలమ్మ ఇంటి మంచినీళ్లు

రెండు వేల నాలుగు ప్రాంతంలో నన్ను రాజమండ్రిలోని పునరావాస గదులకు ఫీల్డ్ సూపర్‌వైజరుగా వేశారు. రోడ్డు మీద బతికినవాళ్లకు తలా ఒక గది ఇచ్చి, వారం వారం వెళ్లి ఆరోగ్యం, మందులు, పింఛను సంగతి చూసి రావాలి. దీన్ని మేము ఫాలో-అప్ అనేవాళ్లం. గది ఇవ్వడం తేలికే. మనిషిని అందులో నిలబెట్టడమే అసలు ఉద్యోగం.

నూకాలమ్మది తుని వైపు. ఏళ్ల తరబడి రైల్వే స్టేషను బయట పడుకున్న మనిషి. గది ఇచ్చాక మా వాళ్లు వెళ్లి తలుపు కొడితే లోపలుండి కూడా పలికేది కాదు. బీపీ మాత్రలు ఆగిపోయాయి. వరసగా కొన్ని విజిట్లలో మనిషి కనబడకపోతే గది వేరొకరికి ఇవ్వాలని రూలు. ఆవిడకు ఇంక ఒక్క విజిటే మిగిలింది.

"ఆవిడకి ఇల్లు అచ్చిరాదండీ, ఖాళీ అని రాసేయండి" అన్నారు మా ప్రాజెక్టు ఆఫీసరు గారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఆఖరి విజిట్‌కు నేనే వెళ్తానన్నాను.

స్టేషను బయట పడుకునేవాళ్లను లేపేది లాఠీ చప్పుడే. తలుపు మీద దెబ్బ పడితే ఆవిడకు ఏం గుర్తొస్తుందో దారిలో ఆలోచించాను. అందుకే తలుపు జోలికి పోలేదు. వరండా గట్టు మీద కూర్చుని, "నూకాలమ్మ గారూ, దాహంగా ఉందండీ, కాసిని మంచినీళ్లిస్తారా?" అని కేకేశాను.

చాలాసేపటికి లోపల గిన్నె చప్పుడైంది. తలుపు ఓరగా తెరుచుకుంది.

"మా ఇంట్లో తాగుతారాండీ?"

"అందుకేగా అడిగాను."

గ్లాసు చీర చెంగుతో తుడిచి మరీ ఇచ్చింది. హోటళ్ల ముందు నిలబడి నీళ్లు అడుక్కున్న మనిషి ఇప్పుడు గడపలో నిలబడి నేను తాగడం చూస్తోంది. దాహం తీరినా ఇంకో గ్లాసు అడిగి తాగాను. మాత్రల ఊసెత్తకుండా, వచ్చే వారం మళ్లీ వస్తానని లేచాను.

"అప్పటికి కుండ కొంటానండీ, ఈ నీళ్లు వేడిగా ఉన్నాయి" అంది.

అన్నట్టే కొంది. చల్లటి నీళ్లిచ్చి, తనే చెయ్యి చాపి బీపీ చూడమంది.

ఆ తర్వాత మా సిబ్బంది ఎవరూ ఆ గదుల తలుపులు కొట్టలేదు, మంచినీళ్లే అడిగారు. మొదట నవ్విన ఆఫీసరు గారు కూడా ఆ కుండ నీళ్లు తాగారు. ఆ పద్ధతి నాదని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

గది మనం ఇవ్వగలం. అది తన ఇల్లని ఆ మనిషికి తెలియాలంటే, ఎవరో ఒకరు ఆ ఇంటికి వచ్చి ఏదైనా అడగాలి. నేను రిటైరయ్యే నాటికీ నూకాలమ్మ అదే గదిలో ఉంది.