పుట్టుడు అనే మాట

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడిచిన రోజుల్లో గూడూరు దగ్గర రోడ్డు మీద వంటావార్పు పెట్టి మా బస్సు ఆపారు. కాన్పుకని ఆసుపత్రికి తీసుకుపోతున్న నా కూతురికి నొప్పులు ఎక్కువయ్యాయి. పక్క సీటులోని ముసలి ఫాదర్ ఆమె భయం మరిపించాలని ముచ్చట పెట్టాడు.

“లాటిన్‌ల నాస్కోర్ అంటే పుట్టుడు, బిడ్డా. నేషన్ అనే మాట దాంట్లకెళ్లే వచ్చింది. మన జన్మ, జాతి దానికి చుట్టాలే.”

అప్పటికి నాకు అక్షరం రాదు. ఒళ్లు మండింది. “ముందు కాన్పు కానియ్యి ఫాదరూ, మాటల పుట్టుక తర్వాత!”

ఆయన దిగి పొయ్యిల దగ్గరికి పోయాడు. “రాష్ట్రం పుట్టాలంటున్నరు గదా! గీ బస్సుల పసిగుడ్డు పుడుతాంది. జర తొవ్వ ఇడువుండ్రి.”

వాళ్లు ఉడుకుతున్న అన్నం గుండిగలను చేతులు కాలుతున్నా పక్కకు జరిపారు.

అయినా ఆలస్యమైంది. కూతురు దక్కింది, పసిగుడ్డు దక్కలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు వాడకట్టులో మిఠాయి పంచారు. నా కూతురు చేయి చాపి తీసుకుంది. తినలేదు.