చక్రాల పిల్ల, గంజి వార్చని ఇల్లు

మొన్న పొద్దున పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టి, ఫోనును ఉప్పు డబ్బాకు ఆనించి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఫోనులో వచ్చే ఒక ఆటల ఛానెల్లో మా చక్రాల పిల్లను ఎవరో కుర్రాడు ఇంటర్వ్యూ చేస్తున్నాడు. ఇప్పుడామె పెద్ద కామెంటేటరు. స్కేటింగు పోటీ ఎక్కడ జరిగినా తెలుగులో చెప్పేది ఆమే. ఆ కుర్రాడు అందరూ అడిగేదే అడిగాడు: "అంత బాగా ఆడుతూ హఠాత్తుగా మానేశారు, మోకాలి దెబ్బ వల్లే కదా?" ఆమె ఫకాలున నవ్వి, "దెబ్బ వల్ల కాదండీ. డాక్టరు గారు మళ్లీ ఆడుకోమనే అన్నారు. నాకే ఆడబుద్ధి కాలేదు" అంది. చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది, పొయ్యి మీద అన్నం అడుగంటింది. ఎందుకంటే ఆ దెబ్బ మూలంగా మా ఇంట్లో ఇన్నేళ్లుగా అన్నం వార్చలేదు. దెబ్బ వల్ల కాదట! ఎంత తేలిగ్గా చెప్పింది తల్లీ!

అప్పట్లో మేము కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక సందులో, పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లం. ఎండాకాలం వచ్చిందంటే సందంతా మామిడి వాసన, ఈగలు, తెల్లవారకముందే లారీల రొద. మాది నల్లగొండ పక్క పల్లె. మా ఆయన హయత్‌నగర్ డిపోలో మెకానిక్కు. కింద వాటాలో ఇంటివాళ్లు గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగు సెంటరులో లెక్కలు చెప్పేవారు. వాళ్లకు ఒక్కతే కూతురు. ఇక మా అత్తమ్మ సంగతి చెప్పాలి. తెలంగాణ కోసం ఎక్కడ ధర్నా అన్నా కొంగు బిగించి ముందు నిలబడే మనిషి. పొద్దున్నే మెట్లు దిగుతూ, "ఓనరమ్మా, మా తెలంగాణ మాకిచ్చెయ్యి, నీ కిరాయి నువ్వు తీస్కో" అనేది. ఇంటావిడేం తక్కువ తిన్లేదు. "ఇచ్చేశాను, పట్టుకెళ్లండి. వెళ్తూ వెళ్తూ ఆ నీళ్ల మోటారు కాస్త ఆపి వెళ్లండి" అనేవారు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. టీవీలో వార్తలు వేడెక్కిన రోజున మాత్రం ఆ నవ్వు కొంచెం పొట్టిగా ఉండేది.

ఆ ఇంటి పిల్లే చక్రాల పిల్ల. పందెంగా ఉరికే స్కేటింగు కాదు ఆమెది. పాట పెట్టుకుని, చక్రాల బూట్ల మీద ఒంటికాలితో బొంగరంలా తిరుగుతూ, గాల్లోకి ఎగిరి మళ్లీ ఒంటికాలి మీదే దిగే ఆట. మొదటిసారి డాబా మీద ఆ తిరుగుడు చూసిన రోజు అత్తమ్మ నోట్లో వక్క నమలడం మరిచిపోయింది. "ఓయమ్మో, గీ పిల్లకు కాళ్ల కింద భూమి నిలుస్తలేదేందే!" అంది. అంతే, ఆ రోజు నుంచి ఆ పిల్లకు అత్తమ్మ అంత అభిమాని హైదరాబాదు మొత్తం వెతికినా దొరికేది కాదు. పోటీకి వెళ్లే ప్రతిసారీ ఉప్పు, ఎండు మిరపకాయలతో దిష్టి తీసేది. పతకం రాకపోతే జడ్జీల ఏడు తరాలనూ తిట్టేది. ఆ పిల్ల కూడా సొంత నాయనమ్మను పిలిచినట్టు "మామ్మా, మామ్మా" అంటూ కొంగు పట్టుకుని తిరిగేది.

సమ్మెలూ బందులూ ముదిరాయి. రింకేమో ఊరికి ఆ చివర ఉంది, బస్సులు లేవు, రాష్ట్ర పోటీలు నెత్తి మీదకొచ్చాయి. పిల్ల మొహం వేలాడేసుకుని కూర్చుంటే ఉపాయం చెప్పింది అత్తమ్మే. బందు రోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా విజయవాడ రోడ్డు చూసినవాళ్లకు తెలుసు, అద్దంలా ఖాళీగా ఉండేది. "బండ్లు లేవు, గిండ్లు లేవు. గింత పెద్ద రోడ్డు మన కోసమే ఇడిసిపెట్టిన్రు, దా బిడ్డా" అని తీసుకుపోయింది. తెలంగాణ కోసం జరిగే బందులో గుంటూరు పిల్ల నడిరోడ్డు మీద గిరికీలు కొడుతుంటే, నల్లగొండ ముసలమ్మ కుక్కలు రాకుండా కట్టె పట్టుకుని కాపలా! ఇంటివాళ్లకు భయమే. "ఎవరన్నా ఏమన్నా అంటారేమో అండీ" అని ఇంటావిడ నా చెవిలో అన్నారు. కట్టె పట్టుకుని అక్కడ అత్తమ్మ ఉండగా అనడానికి ఎవరికి ధైర్యం!

ఆ సమ్మెలోనే ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తినడం, దారిని ఆపడం. అదీ ఆనాటి పోరాటం. ఆడవాళ్లందరం అన్నం కుండలతో చెమటలు కక్కుతున్నాం. ఒక పక్క డప్పులు, ఒక పక్క పాటలు. అత్తమ్మ తన గుండిగ అన్నం దించి, మూత అడ్డం పెట్టి, గంజి రోడ్డు వారకు వార్చింది. వార్చడం అంటే మా అందరికీ అదే, పల్లెలో అయితే పశువుల కుడితి తొట్టిలోకి, బయటైతే పక్కకు. అందులో తప్పేముందని ఎవరికి తడుతుంది? ఇంతలో పిల్ల ప్రాక్టీసు చేసుకుంటూ అటు వచ్చింది. అత్తమ్మకు హుషారొచ్చింది. "బిడ్డా, గా తిరుగుడు మా వోళ్లకు జర సూపియ్యి" అంది. గుంపులో ఎవరో, "ఎవల పిల్ల గీమె?" అని అడిగారు. "నా మనుమరాలు" అంది అత్తమ్మ, తడుముకోకుండా. పిల్ల నవ్వి, వెనక్కి వెనక్కి జారుతూ వెళ్లి, ఎగిరింది. గాల్లో ఉన్నంతసేపూ అందరి నోళ్లూ తెరుచుకునే ఉన్నాయి. దిగింది మాత్రం గంజి మీద. ఆ చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. డప్పులు ఆగిపోయాయి. పిల్ల మోకాలు పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. అత్తమ్మ చేతిలోని గుండిగ మూత పారేసి, రోడ్డు మీదే కూలబడి, గుండెలు బాదుకుంటూ, "గంజి నేనే పారవోసిన, నా చేతులిరగ! నేనే పారవోసిన!" అని ఒకటే ఏడుపు. పొయ్యిల దగ్గర ఉన్నవాళ్లే పిల్లను ఎత్తుకుని, గుంపును తోసుకుంటూ దవాఖానకు పరిగెత్తారు.

మోకాలికి ఆపరేషన్ అయింది. ఇంటావిడ, "కావాలని చేశారా ఏంటి, ఊరుకోండి" అన్నారు గానీ ఆ తర్వాత కొన్నాళ్లు వాళ్ల తలుపు దగ్గరగా వేసి ఉండేది. నీళ్ల మోటారు గురించి కూడా మాట్లాడలేదు. అది తిట్టినదాని కన్నా ఎక్కువ కోసింది. దవాఖాన నుంచి వచ్చిన రోజే అత్తమ్మ దేవుడి పటాల ముందు దీపం పెట్టి మొక్కుకుంది. "ఆ పిల్ల మళ్ల చక్రాలెక్కి తిరిగేదాక మనింట్ల అన్నం వార్చద్దు" అని నాకు హుకుం జారీ చేసింది. ఇక మాకు రోజూ అత్తెసరే. నీళ్లు కొలిచి పోయడం, అవి ఇగిరేదాకా కూర్చోవడం, ఒకరోజు పలుకు, ఒకరోజు ముద్ద. మా ఆయనకు పొడిపొడిగా వార్చిన అన్నమంటే ప్రాణం. కంచంలో చెయ్యి పెట్టి, "అమ్మా, మొక్కు నీది, శిక్ష నాది" అని గొణిగేవాడు. "తిను బిడ్డా, ఆ పిల్ల లేస్తది" అనేది.

మొక్కుతో ఆగలేదు అత్తమ్మ. రోజూ మధ్యాహ్నం ఏ మక్కజొన్న గారెలో, సర్వపిండో కొంగు కింద పెట్టుకుని కిందికి వెళ్లి ఆ పిల్ల మంచం పక్కన కూర్చునేది. తలుపు దగ్గరగా వేసి ఉన్నా తోసుకుని వెళ్లేది. తిడితే పడదామని వెళ్లేది, నాకు తెలుసు. పిల్ల తిట్టలేదు. టీవీ పెట్టేది. ఎక్కడెక్కడి దేశాల్లోనో మంచు మీద ఆడే స్కేటింగు వచ్చేది, చెప్పేవాళ్లంతా ఇంగ్లీషు. "ఏమంటున్నడే గాయన? నాకు సమజయ్యేటట్టు చెప్పు" అనేది అత్తమ్మ. ఆ పిల్ల టీవీ గొంతు ఆపేసి, తనే చెప్పడం మొదలుపెట్టింది. "ఇప్పుడు ఎడమ కాలి మీద బరువేసింది మామ్మా, చూడు, భుజం దించింది, ఎగురుతుంది… ఎగిరింది!" అత్తమ్మ కళ్లు ఇంతింత చేసుకుని, "పడుతదా? పడుతదా ఏంది?" అంటూ మంచం కోడు గట్టిగా పట్టుకునేది. పడితే తనే పడినట్టు, "అయ్యో నా బిడ్డ" అనేది. ఆ గోల పై వాటా దాకా వినిపించేది. మెల్లగా ఇంటావిడ కూడా టీ కప్పులతో వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. తలుపు మళ్లీ బార్లా తెరుచుకుంది.

పిల్ల నడిచింది, పరిగెత్తింది. మరుసటి ఏడు పోటీలకు రింకుకు రమ్మని మమ్మల్నందరినీ పిలిచింది. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని, దిష్టికి ఉప్పూ మిరపకాయలూ మూటగట్టుకుని, బస్సులో ముందు సీటు పట్టింది. "ఇయ్యాల రాత్రికి బియ్యం ఎక్కువ వొయ్యి, వారుద్దాం" అని నాతో అంది. తీరా చూస్తే ఆ పిల్ల మామూలు చెప్పులేసుకుని వచ్చి, మైకు ముందు కూర్చుంది! మా వంక చూసి చెయ్యి ఊపి, "నేనిక ఆడటం లేదు, ఆడేవాళ్ల గురించి చెబుతాను" అని మైకులోనే ప్రకటించింది. ఇంత చిన్న వయసుకే మానేయడమా? తర్వాత పాపం ఎంత బాగా చెప్పిందో ఏమో, నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. తిరుగు బస్సులో అత్తమ్మ మిరపకాయల మూట ఒళ్లో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, "నా గంజే పిల్లను కూసోబెట్టింది" అంది. ఆ రాత్రి కూడా అత్తెసరే.

ఎందుకు మానేశావని ఎన్నడూ అడగలేదు అత్తమ్మ. నేను అడుగుతానంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "అడిగితే మంచి పిల్ల కాబట్టి నీ వల్ల కాదు మామ్మా అంటది. గది నేను ఇనలేను" అంది. తెలంగాణ వచ్చింది. పటాకులు కాలాయి, అత్తమ్మ సందంతా మిఠాయి పంచి, మొదటి లడ్డు ఇంటావిడ నోట్లో కుక్కింది. "వచ్చేసిందిగా, ఇంక మోటారు మీరే వేసుకోండి" అన్నారు ఆవిడ. అందరం నవ్వాం. అంత సంబరంలోనూ ఆ పూట అన్నం అత్తెసరే. తర్వాత మేము హయత్‌నగర్‌లో ఫ్లాటు కొనుక్కుని వచ్చాం. అక్కడే అత్తమ్మ పోయింది. పోయే ముందు కూడా చుట్టాల వంట సందడిలో, "వార్చలేదు కదనే?" అని నన్ను అడిగింది. లేదన్నాను. అత్తమ్మ పోయాక నేనూ మార్చలేదు. ఆమె మొక్కు కట్టుబాటై, కట్టుబాటు అలవాటైంది.

ఇదిగో, ఇన్నేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ఆ పిల్ల ఏమందో మిగతాది కూడా వినండి. "మంచంలో ఉన్నప్పుడు మా పైనింటి మామ్మకి టీవీ చూపిస్తూ చెప్పేదాన్నండీ. ఆడేటప్పుడు ఎప్పుడు పడతానో అని భయమే ఉండేది. మామ్మకి చెబుతుంటే మాత్రం పండగలా ఉండేది. అప్పుడే అర్థమైంది నాకు కావాల్సింది ఇదని. ఆమె వార్చిన గంజికి దండం పెట్టాలి!" అని నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే ఫోను చేసి, "ఈ ముక్క అప్పుడే చెప్పి చావలేకపోయావటే?" అని అరిచేశాను. ఆమె తెల్లబోయింది. "మామ్మకి తెలుసనుకున్నా ఆంటీ. నా మొదటి శ్రోత మామ్మే కదా, తెలియకుండా ఎట్లా ఉంటుంది?" అంది. మొక్కు సంగతి, అత్తెసరు సంగతి అప్పుడు చెప్పాను. ఊళ్లన్నింటికీ వినపడేలా మాట్లాడే పిల్ల, ఒక్క మాట రాక వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం వచ్చింది, సంచిలో పాత చక్రాల బూట్లతో. మా అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య కూర్చుని అవి తొడుక్కుంది. "నవ్వకండి ఆంటీ" అంటూ స్తంభం పట్టుకుని, కొత్తగా నడక నేర్చుకునే పిల్లలా కాళ్లు వణుకుతుండగా, ఒక్క చుట్టు తిరిగింది. పడలేదు. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. "ఎడమ కాలి మీద బరువేసింది అత్తమ్మా, చూడు" అని నేను గట్టిగానే అన్నాను, ఎవరేమనుకుంటేనేం. పైకి వచ్చి అన్నం వండాను. వార్చి ఎన్నేళ్లయిందో, చెయ్యి మరిచిపోయింది, ఆవిరి కొట్టి వేళ్లు కాలాయి. గంజి చుక్క కింద పడకుండా గిన్నెలోకి వంచి, ఉప్పేసి, ఒక గ్లాసు అత్తమ్మ పటం ముందు పెట్టి, ఒకటి ఆ పిల్లకిచ్చాను. ఆమె ఏడుస్తూనే తాగింది. మా ఆయన పొడిపొడి అన్నం ముందు పెట్టుకుని, ముద్ద కలపకుండా చాలాసేపు కూర్చున్నాడు. కాలం అన్నీ తీరుస్తుందంటారు. నిజమే, తీరుస్తుంది. మొక్కుకున్న మనిషి ఉందో లేదో మాత్రం చూసుకోదు.