తేట నీళ్లలో ఖాళీ వల

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది చలికాలం. నేను మత్స్యశాఖలో ఫీల్డ్ ఆఫీసర్‌ని. పినపాక వైపు అడవి అంచున ఉన్న చెరువులు నా పరిధిలో ఉండేవి. వాటిలో చేప పిల్లలు వదిలించడం, అవి పెరుగుతున్నాయో లేదో చూడటం నా పని. అందరూ "చేపల మేడం" అనేవారు. బస్సులో ఎవరైనా అలా పిలిస్తే పక్క సీటావిడ కాస్త జరిగి కూర్చునేది.

ఆ రోజు చెరువు గట్టు ఎక్కకముందే మరియమ్మ అవ్వ నన్ను ఆపింది. ఆమె భర్త సామ్యేలు తాత ఆ ఊళ్లో అందరికంటే పాత జాలరి, చర్చిలో పెద్ద. కొంతకాలంగా ఆయన వలలో ఒకటీ అరా తప్ప పడటం లేదట. కుర్రాళ్ల వలల్లో మాత్రం ఎంతోకొంత పడుతోందట.

"నా చెయ్యి పోయింది అంటుండు మేడం. వల ఎవరికన్న ఇచ్చేస్తడంట. బువ్వ గూడ సరిగ తింటలేడు. నీ చెయ్యి మంచిగనే ఉన్నదని నువ్వు జర చెప్పు బిడ్డా. అబద్ధమైనా సరే, చెప్పు."

ఆఫీసర్ల చేత అబద్ధం చెప్పించేవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. ఇలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది ఈమె ఒక్కతే. సరేనన్నాను.

గట్టెక్కి చూస్తే నీళ్లు కొబ్బరినీళ్లలా తేటగా ఉన్నాయి. అడుగున గులకరాళ్లు కనిపిస్తున్నాయి. ఎవరికైనా ముచ్చటేస్తుంది, నాకు మాత్రం అనుమానం వచ్చింది. బొచ్చె, రవ్వ లాంటి చేపల తిండి ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికానని జీవులు. అవి ఉంటేనే నీళ్లకు లేత ఆకుపచ్చ రంగు వస్తుంది. నీళ్లు మరీ తేటగా ఉన్నాయంటే చేపలు పస్తులున్నట్టే.

"ఇంత తేటగా ఎప్పటినుంచి ఉన్నాయి తాతా?" అని గట్టు మీద వల సర్దుకుంటున్న సామ్యేలు తాతను అడిగాను.

ఆయన ముఖం వెలిగింది. "మంచిగున్నయి గదా మేడం! మా బాప్తిస్మాలు ఈ చెరువులనే. మనుషులను బురదల ముంచుడేందని నేనే చర్చి సంఘంల పట్టుబట్టిన. పోయిన ఎండాకాలం సంది ఒక్క బర్రెను దిగనియ్యలే."

విషయం అర్థమైపోయింది. బర్రెలు వేసే పేడే ఆ చెరువులో ప్లాంక్టన్‌కు ఇన్నాళ్లూ ఎరువు.

"లోపం నీ చేతిలో లేదు తాతా, నీళ్లలో ఉంది" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశాడు. "మా ముసల్ది చెప్పమన్నదా?"

ఇక మాటలతో పని జరగదని సంచిలోంచి సెకీ డిస్క్ తీశాను. నలుపు, తెలుపు పూసిన గుండ్రటి పళ్లెం అది, తాడుకు కట్టి ఉంటుంది. నీళ్లలోకి దింపితే ఎంత లోతున కనుమరుగైతే నీళ్లు అంత తేట అని లెక్క. మంచి చేపల చెరువులో మోచేతి లోతు దాటితే కనబడదు. ఇద్దరం ఆయన థర్మాకోల్ తెప్ప మీద మధ్యకు వెళ్లాం. తాడు ఆయన చేతికే ఇచ్చాను. వదులుతూ పోయాడు. తాడు అయిపోయింది గానీ పళ్లెం ఇంకా కనబడుతూనే ఉంది.

"ఇప్పుడు నీ వల దించు."

అది గిల్ నెట్. చేప తల దూర్చి మొప్పల దగ్గర ఇరుక్కుపోయే వల. కుర్రాళ్లు కొన్నవి నీళ్లలో కనబడని సన్న దారపు వలలు. ఈయనది సొంతంగా అల్లుకున్న తెల్లటి లావు దారం వల. నీళ్లలోకి దిగుతుంటే దాని ఒక్కో కన్నూ స్పష్టంగా కనిపించింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"నా ముసలి కండ్లకే గిట్ల అగుపడుతుంటే, చేపకు అగుపడదా?" అన్నాడు మెల్లగా. అంతలోనే నవ్వు మొదలైంది. "బర్రెలను ఆపిచ్చింది నేనేనాయె!" తెప్ప ఊగిపోయేలా నవ్వాడు. నాకు ఈత రాదు. అయినా అంచు గట్టిగా పట్టుకుని నేనూ నవ్వాను.

ఆ ఆదివారం సంఘంలో ఆయనే లేచి మాట్లాడాడట. బాప్తిస్మాలకు ముందు కొన్నాళ్లు బర్రెలను ఆపుదాం, మిగతా కాలం దిగనిద్దాం అని ఒప్పించాడు. వలకు మట్టిరంగు పట్టించమని నేనంటే, వాళ్ల నాయన నూలు వలలకు చేసినట్టే తుమ్మచెక్క కషాయంలో నానబెట్టాడు.

ఎండలు ముదిరాక మళ్లీ వెళ్లాను. చెరువు లేత ఆకుపచ్చకు తిరిగింది. నేను వాళ్లింటి అరుగు మీద కూర్చుని ఉండగా తాత తడి బట్టలతో వచ్చాడు. చేతిలో రవ్వ చేప ఇంకా కొట్టుకుంటోంది.

"ఏమే, గిది వండి మేడంకు పెట్టు" అని చేప అందించాడు.

మరియమ్మ అవ్వ అందుకుంది గానీ చేపను చూడలేదు. ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడిపోయింది. చేప జారి ముంగిట్లో పడింది.

ఆ తర్వాత ఎన్నో చెరువుల దగ్గర, "ఇక నా పని అయిపోయింది" అనే పెద్దవాళ్లు కలిశారు. వాళ్లకు ఊరికే ధైర్యం చెప్పను. "ముందు నీళ్లు చూద్దాం, పద తాతా" అంటాను.